దూదిమంటకు చేతి పంపు: ఒక జిన్నింగ్ మిల్లు కేసు

నేను మెకానికల్ డిజైనర్‌ని. కొన్నేళ్ళు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు తయారుచేసే కంపెనీలో వాల్వుల మీద పనిచేసి, తర్వాత సొంతంగా చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. పంపులు, నాజిళ్ళు చేసిస్తుంటాను. ఈ కేసు తెలంగాణలో పత్తి బాగా పండే ఒక జిల్లాలోని జిన్నింగ్ మిల్లుది. మిల్లు పేరు, ఊరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

జిన్నింగ్ మిల్లు లోపల ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. రైతులు తెచ్చిన పత్తిని ప్లాట్‌ఫాం మీద కుప్పలు పోస్తారు. గాలి పైపులు దాన్ని పీల్చి, దుమ్ము దులిపే యంత్రం గుండా వరసగా ఉన్న డబుల్ రోలర్ జిన్నుల (గింజ వేరుచేసే యంత్రాల) మీదికి చేరుస్తాయి. గింజ కిందికి పడుతుంది, దూది ఇంకో పక్కకి వెళుతుంది. ఆ దూది ప్రెస్ హాల్లో సుమారు 170 కిలోల బేలుగా, అంటే గట్టిగా నొక్కి కట్టిన మూటగా మారుతుంది. సీజన్ దసరా, దీపావళి రోజుల్లో మొదలై మార్చి దాకా నడుస్తుంది. ఆ ఐదారు నెలలూ లోపల ఎక్కడ చెయ్యి పెట్టినా నూగే. రేకుల మీద, వైర్ల మీద, మోటార్ల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా.

నిప్పు పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పత్తితో పాటు ఒక గులకరాయో, బోల్టు ముక్కో లోపలికి వెళ్ళి, తిరిగే ఇనప పళ్ళకి తగిలితే రవ్వ లేస్తుంది. బేరింగ్ చుట్టూ దూది చుట్టుకుని వేడెక్కినా అంతే. అందుకే ఇక్కడ మంట అరుదుగా వచ్చే విపత్తు కాదు, తరచూ వచ్చే చిన్న గొడవ. పాత మేస్త్రీలు కాలితో తొక్కి, తడి గోనెసంచి వేసి ఆర్పినవి ఏ లెక్కలోకీ రావు. ఈ విషయం నాకు మొదట్లో అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఒక సీజన్ అయిపోయింది.

ఏం జరిగింది

ఓ రోజు మధ్యాహ్నం కుప్ప అంచున మంట కనిపించింది. గోడకి 6 కిలోల ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది. ఐఎస్‌ఐ గుర్తు ఉంది, గేజి ముల్లు ఆకుపచ్చలోనే ఉంది, తనిఖీ చీటీ కూడా కట్టి ఉంది. దగ్గర్లో ఉన్న ఒకావిడ పరుగున వెళ్ళి దాన్ని దింపింది. మీట నొక్కింది. రాలేదు. ఇంకా గట్టిగా నొక్కి, ఆ పట్టు వదలకుండానే, మీటకి తాళంలా ఉండే పిన్ను లాగింది. మీట నొక్కిపెట్టి ఉంటే పిన్ను రంధ్రంలో బిగుసుకుంటుంది, ఎంత లాగినా రాదు. ఇది వాల్వు చేసేవాళ్ళందరికీ తెలుసు. ఎత్తుకొచ్చిన మనిషికి తెలియదు.

ఆమె చేతిలోంచి ఇంకొకతను తీసుకుని, ఎలాగో పిన్ను పీకి, దాదాపు మీటరు దూరం నుంచి కొట్టాడు. పౌడర్ వేగంగా తగిలేసరికి కాలుతున్న దూది లేచి మూడు చోట్ల పడింది. వాటి మీదా కొట్టాడు. పదిహేను సెకన్లలో సిలిండర్ అయిపోయింది. మంట మాత్రం పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ముప్పావుగంట తర్వాత కుప్ప నడుమ నుంచి పొగ మొదలైంది. ఫైరింజన్ వచ్చేసరికి కుప్ప చాలావరకు పోయింది. మనుషులకి ఏమీ కాలేదు.

యజమాని నన్ను పిలిచి అడిగింది ఒక్కటే: "ఆడవాళ్ళకి కూడా తేలిగ్గా వచ్చేలా ఆ పిన్ను మార్చి ఇస్తారా?"

మొదట అనుకున్నది

పిన్ను మార్చడం నాకు చాలా ఇష్టమైన పని. రింగు పెద్దది చేయొచ్చు, ప్లాస్టిక్ సీలు సన్నగా పెట్టొచ్చు. కానీ ఐఎస్‌ఐ గుర్తున్న సిలిండర్‌లో నేను ఒక్క భాగం మార్చినా ఆ గుర్తుకి విలువ పోతుంది. ఎన్‌ఓసీకి (ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి పత్రానికి), ఇన్సూరెన్స్‌కి చూపించేది ఆ సిలిండర్లనే. కాబట్టి వాటి జోలికి వెళ్ళకూడదని ముందే తేల్చుకున్నాను. నేను చేసేది ఏదైనా వాటికి తోడుగా ఉండాలి, వాటి స్థానంలో కాదు.

ఇక మిగిలింది శిక్షణ. ఒక గడువు దగ్గరపడ్డ సిలిండర్ తీసుకుని, ముందు పిన్ను, తర్వాత మీట అని పదిమందికి చేయించాం. చల్లగా నిలబడి చేస్తే అందరికీ వచ్చింది. పక్కన పాత టైరు ముక్క కాల్చి, నేను "మంట, మంట" అని అరుస్తూ చేయిస్తే నలుగురు మళ్ళీ మీటే ముందు నొక్కారు. భయంలో చెయ్యి దేన్నయినా ముందు గట్టిగా పట్టుకుంటుంది. ఎక్స్‌టింగ్విషర్‌లో మీటా, పిడీ ఒకే చోట ఉంటాయి. పట్టుకోవడమే నొక్కడం అవుతుంది. తప్పు వాళ్ళది అనలేం.

అయినా పిన్ను మొదటే వచ్చినా ఆ రోజు కుప్ప దక్కేది కాదు. ఇది కాస్త ఆలస్యంగా తట్టింది. ఏబీసీ పౌడర్‌లో మోనో అమోనియం ఫాస్ఫేట్ ఉంటుంది. అది వేడికి కరిగి, కాలే వస్తువు మీద పొరలా పరుచుకుని గాలి తగలనివ్వదు. చెక్క మీద, కాగితం మీద బాగా పనిచేస్తుంది. దూది కుప్పలో నిప్పు పైన ఉండదు. పైన మంట ఆరినా దూది పోగుల లోపల నిప్పు పాకుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా. పౌడర్ అక్కడిదాకా వెళ్ళదు. అక్కడికి వెళ్ళేది నీళ్ళే.

9 లీటర్ల నీళ్ళ సిలిండర్

సరే, నీళ్ళ సిలిండర్ పెడదాం అన్నాను. గాలి ఒత్తిడితో పనిచేసే 9 లీటర్ల రకం మార్కెట్లో దొరుకుతుంది. నిమిషం దాకా వస్తుంది, ఆరు మీటర్ల దూరం పడుతుంది. మూడు తెప్పించాం. నిండుగా ఉంటే ఒక్కోటి 14 కిలోల పైమాట. నేల నుంచి లేపి, ఒక చేత్తో మోస్తూ, ఇంకో చేత్తో గొట్టం పట్టాలి.

బరువు సంగతి నేను ఊహించిందే. ఊహించనిది వేరే జరిగింది. డిసెంబరులో ప్రెస్ దగ్గర చిన్న రవ్వ లేచి గుప్పెడు దూది అంటుకుంది. పక్కనే నీళ్ళ సిలిండర్ ఉంది. ఎవరూ దాన్ని ముట్టలేదు. సంచితో కొట్టి ఆర్పారు. ఎందుకని అడిగితే సూపర్వైజర్ మొహమాటపడుతూ చెప్పాడు: "ఒకసారి నొక్కితే మళ్ళీ టౌన్‌కి పంపి నింపించాలి సార్. గింతదానికి వాడినవేందని ఓనర్ అడుగుతడు."

ఈ మాట నా నోట్‌బుక్‌లో గీత గీసి రాసుకున్నాను. నింపడానికి డబ్బూ, బండీ, ఇంకొకరి అనుమతీ కావలసిన పరికరాన్ని మనిషి చిన్న మంట మీద వాడడు. మంట పెద్దదయ్యేదాకా ఆగుతాడు. పెద్దదయ్యాక అది సరిపోదు. అప్పటిదాకా నేను రాసుకున్న కొలతలన్నీ లీటర్లు, బార్లు (ఒత్తిడి కొలత), సెకన్లు. "వాడినందుకు ఎవరికి జవాబు చెప్పాలి" అన్నది అందులో ఎక్కడా లేదు.

అక్కడి నుంచి ఆలోచన తిరిగింది. కుళాయి దగ్గర నింపుకునేది, ఒత్తిడి మనిషి చెయ్యే పుట్టించేది, ఎన్నిసార్లు వాడినా ఖర్చు లేనిది కావాలి. అంటే చేతి పంపు.

చేతి పంపు కొత్తదేమీ కాదు. జార్జ్ మాన్బీ 1818లో రాగి డబ్బాలో మూడు గాలన్ల ద్రావణం పోసి గాలి దట్టించాడు, నేటి సిలిండర్ల తాత అదే. దానికి చాలా ముందే లండన్‌లో ఇత్తడి పిచికారీలు ఉండేవి. ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు కాడ నొక్కేవాడు. 1910ల్లో కార్లలో, పడవల్లో పెట్టుకునే చిన్న ఇత్తడి పంపులు వచ్చాయి. అవి కార్బన్ టెట్రాక్లోరైడ్ చిమ్మేవి, వేడికి అది విషవాయువు అయ్యేది కాబట్టి వాటి కాలం తీరిపోయింది. అక్కడ చెడ్డది లోపల పోసిన మందు, పంపు కాదు.

మొదటి నమూనా, నా పొరపాటు

అడవి మంటలు ఆర్పేవాళ్ళు వీపున నీళ్ళ సంచి, చేతుల్లో ముందుకూ వెనక్కూ జరిపే పంపు వాడతారు. నేను దాన్నే తీసుకున్నాను. వీపున ట్యాంకు, గొట్టం, చేతుల్లో 25 మిల్లీమీటర్ల సిలిండర్, చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం. 3 బార్ ఒత్తిడి లెక్క వేసుకున్నాను. నిమిషానికి తొమ్మిది లీటర్లకి పైగా వస్తాయి, ఎనిమిది మీటర్లు పోతాయి. వర్క్‌షాప్‌లో నేనే రెండు నిమిషాలు కొట్టి చూశాను. సంతోషించాను.

మిల్లులో ఇచ్చిన మొదటావిడ నలభై సెకన్లకి వేగం తగ్గించింది. నిమిషానికి ధార కాళ్ళ దగ్గర పడుతోంది. లెక్క అప్పుడు మళ్ళీ చేశాను. ఆ వ్యాసానికి 3 బార్ అంటే ప్రతి తోపుకీ 15 కిలోల బలం, నిమిషానికి యాభై సార్లు ముందుకూ వెనక్కూ. నీళ్ళకి చేరే శక్తే దాదాపు 47 వాట్లు, రాపిడి వేరే. ఉదయం నుంచి పత్తి గంపలు మోసిన చేతులకి అది ఎక్కువ. పొద్దున్నే కాఫీ తాగి ఫ్యాన్ కింద నేను చేసిన పరీక్షకి విలువ లేదు.

ఇంకో లోపం ఉంది. రెండు చేతులూ పంపు కొట్టడంలోనే ఉంటే గురి ఊగిపోతుంది. ధార మంట చుట్టూ తిరుగుతుంది తప్ప మంట మీద నిలవదు.

దాన్ని తిరిగి బండిలో పెడుతుంటే ఒక పెద్దావిడ ట్యాంకు వైపు చూసి అంది: "గిది మేం చేన్ల మందు కొట్టే పంపే గద సార్. గట్ల పక్కకు కట్టె పెడితే ఒక చెయ్యితో కొడుదుము గద." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మూడు నెలలు బుర్ర బద్దలుకొట్టుకున్న డిజైన్ ఆమె చేనులో ఇరవై ఏళ్ళుగా ఉంది. ఎడమచేత్తో మీట, కుడిచేత్తో గొట్టం. పత్తి పండించే ఊళ్ళో ఆ లయ తెలియని చెయ్యి లేదు.

రెండో నమూనా

మందు కొట్టే పంపుని ఉన్నదున్నట్టు వాడలేం. అది నిమిషానికి లీటరో, రెండు లీటర్లో మంచులా చల్లుతుంది. ఆకు తడవడానికి అది చాలు. మంటకి చాలదు. నేను వెనక్కి లెక్క వేశాను: ఆమె చెయ్యి అలసిపోకుండా రెండు మూడు నిమిషాలు ఎంత బలం పెట్టగలదు? 5 కిలోలు. ఎంత వేగం? సెకనుకి ఒకటి, చేనులో అలవాటైన వేగమే. మీట ఐదింతలు చేస్తుంది కాబట్టి పిస్టన్ మీద 25 కిలోలు. పిస్టన్ వ్యాసం 40 మిల్లీమీటర్లు పెడితే ఒత్తిడి 2 బార్ దగ్గర తేలుతుంది. 7 సెంటీమీటర్ల కదలికకి దాదాపు 88 మిల్లీలీటర్లు. అంటే నిమిషానికి ఐదు లీటర్ల చిల్లర. దానికి సరిపడే రంధ్రం 2.5 మిల్లీమీటర్లు. ధార ఐదు మీటర్లు పోతుంది. మొదటి నమూనా కంటే అన్నీ తక్కువే, ఒక్కటి తప్ప: ఇది ఆగదు. పంపులో గాలి గది ఉంటుంది కాబట్టి రెండు తోపుల మధ్య కూడా ధార తెగదు.

ట్యాంకు 16 లీటర్లది. నింపేది 12 వరకే అని లోపల గీత పెట్టాను. మొత్తం 15 కిలోలు, నీళ్ళ సిలిండర్ కంటే తక్కువేమీ కాదు. కానీ వీపున మోసే 15 వేరు, చేత్తో వేలాడే 15 వేరు. పైగా నేల మీద నుంచి లేపే పని లేకుండా 75 సెంటీమీటర్ల ఎత్తున ఇనప స్టాండు పెట్టించాం. వెనక్కి తిరిగి ఆనుకుని, పట్టీల్లో చేతులు దూర్చి, ముందుకి నడవడమే.

పిన్ను లేదు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే చూసినవాళ్ళంతా ఇదే అడిగారు. సిలిండర్‌కి పిన్ను ఎందుకు? లోపల ఒత్తిడి నిలవ ఉంది, పొరపాటున మీట తగిలితే అంతా పోతుంది కాబట్టి. చేతి పంపులో నిలవే లేదు. ఎవరూ కొట్టకపోతే ఏమీ రాదు. కాపాడాల్సింది లేనప్పుడు తాళం ఎందుకు? యజమాని అడిగిన పిన్ను సమస్య అలా పరిష్కారమైంది, పిన్ను ముట్టుకోకుండానే.

డ్రిల్‌లో ఆగిపోయిన పంపు

ఇంత చేశాక మొదటి డ్రిల్‌లో బాగా నడిచింది. రెండు వారాల తర్వాత రెండో డ్రిల్‌లో అరనిమిషానికే మీట బిగుసుకుపోయింది. ధార సన్నబడి ఆగింది. ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి, తాగేసిన ఫ్రూటీ ప్యాకెట్‌లా.

మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి వెళ్ళింది. మూతలో గాలి కోసం ఉన్న సూదిబెజ్జం మీద నూగు పొరలా పేరుకుపోయి ఉంది. నీళ్ళు బయటికి పోతుంటే గాలి లోపలికి రావాలి. రాకపోతే పంపు శూన్యంతో కుస్తీ పడుతుంది. చేనులో ఈ సమస్య రాదు, అక్కడ నూగు లేదు. మిల్లులో రెండు వారాలు చాలు. నిజం మంటలో ఇలా జరిగి ఉంటే ఎలా ఉండేదో తలచుకుంటే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

బెజ్జం పెద్దది చేస్తే నీళ్ళు తొణికి వీపు తడుస్తాయి. జాలీ పెడితే జాలీ కూడా మూసుకుంటుంది. చివరికి బెజ్జాన్ని మూత అంచు లోపలికి, కిందికి తిరిగేలా మార్చి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్కతో చిన్న తలుపులాంటిది పెట్టాం. పీల్చినప్పుడే తెరుచుకుంటుంది, మిగతా సమయం మూసుకునే ఉంటుంది కాబట్టి నూగు చేరదు. అదే సమయంలో లోపలి వైపు జల్లెడ కూడా పెద్దది చేశాం. నింపేటప్పుడు బకెట్లో తేలే దూది పోగు ఒక్కటి చాలు, 2.5 మిల్లీమీటర్ల రంధ్రం మూయడానికి.

వాషర్ల సంగతి క్లుప్తంగా. తోలు వాషర్ ఎండితే గట్టిపడుతుంది, సైకిల్ పంపు వాడినవాళ్ళకి తెలుసు. నైట్రైల్ రబ్బరు పెట్టాను. అంతే.

దూది తడవదు

నేను అసలు ఊహించని అడ్డంకి నీళ్ళతోనే వచ్చింది. కుప్ప మీద నిండా కొట్టాక చేతితో విడదీసి చూస్తే పైన రెండు వేళ్ళ మందం తడి, లోపల పొడి. ఆస్పత్రిలో వాడే దూది నీళ్ళు పీలుస్తుంది కదా అనుకుంటాం. దాన్ని ఉడికించి మైనం తీసేస్తారు. మిల్లులో దూదికి పుట్టుకతో ఉన్న మైనం అలాగే ఉంటుంది.

అక్కడే టీ గ్లాసుల్లో పరీక్ష చేశాం. ఒక గ్లాసులో ఉత్త నీళ్ళు, ఇంకో దాంట్లో నాలుగు చుక్కల జిగురు మందు, పురుగుమందు ఆకుకి పట్టడానికి రైతులు కలిపేది. రెండింట్లో చిటికెడు దూది వేశాం. మొదటి గ్లాసులో అది పడవలా తేలుతూనే ఉంది. మేం టీ తాగి వచ్చేదాకా తేలుతూనే ఉంది. రెండో గ్లాసులో పక్కలు నెమ్మదిగా నల్లబడినట్టయి, లోపలి గాలి బుడగలు పైకి వచ్చి, అడుక్కి దిగిపోయింది. చుట్టూ నిలబడ్డవాళ్ళకి తర్వాత నేనేమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

12 లీటర్లకి రెండు మూతల జిగురు అని పెట్టుకున్నాం. నెలల తరబడి కలిపి ఉంచితే ఏమవుతుందో అన్న అనుమానంతో, వారానికోసారి నీళ్ళు పారబోసి మళ్ళీ నింపాలని నియమం పెట్టాం. దోమల బాధ కూడా తప్పింది.

ఎలా వాడుతున్నారు

నాలుగు పంపులు ఉన్నాయి. కరెంటు ప్యానెళ్ళ దగ్గర ఒక్కటీ లేదు, అక్కడ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లే. "ముందు మెయిన్ ఆఫ్, తర్వాత నీళ్ళు" అని ప్రతి స్టాండు మీదా ఎర్ర రంగుతో రాయించాం. ముందు చుట్టూ విసనకర్రలా చల్లి, దూది బరువెక్కి ఎగరకుండా చేసి, తర్వాత ధార మార్చి నడుమకి కొడతారు. ఇంకొకరు కొక్కెంతో కుప్ప గుంజి విడదీస్తారు. పొగ కనిపించకపోయినా విడదీయాల్సిందే. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉన్నాను.

చిన్న చిక్కు: ఆడవాళ్ళు చీర మీద పాత చొక్కా వేసుకుని పనిచేస్తారు. చొక్కా లేనిరోజు కొంగు మీటలో చిక్కుకుంటోంది. మీట కీలు దగ్గర రేకు తొడుగు వేశాం.

పెద్ద వాదన ఒకటి నడిచింది. ఒక రోజు వెళ్ళేసరికి ఒక పంపు స్టాండు మీద లేదు. ప్లాట్‌ఫాం మీద దుమ్ము లేవకుండా దాంతో నీళ్ళు చల్లుతున్నారు. యజమానికి కోపం వచ్చింది, తాళం వేయిస్తానన్నాడు. నాకూ మొదట కోపమే. కానీ రోజూ వాడే పంపు పాడైతే ఆ రోజే తెలుస్తుంది, వాడని పంపు పాడైతే మంట రోజున తెలుస్తుంది. చివరికి ఒకటి రోజువారీ పనికి వదిలేశాం, దానికి పసుపు పట్టీ కట్టాం. మిగతా మూడూ నిండుగా ఉండాలి. పసుపు పట్టీ పంపే అందరికీ రోజూ డ్రిల్.

రెండో సీజన్‌లో రిజిస్టర్‌లో మూడు మంటలు ఉన్నాయి. రెండు కుప్ప దగ్గర, ఒకటి జిన్నుల వరస చివర. మూడూ పంపులతోనే ఆరాయి, ఒకదానికి రెండుసార్లు నింపుకోవాల్సి వచ్చింది. అంతకుముందు సీజన్‌లో రిజిస్టర్ ఖాళీ. అప్పుడు మంటలు లేవని కాదు, రాయడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఈ పంపుతో కానిది బేలు. పీల్చే పైపులో రవ్వ పడి, ఎవరికీ కనిపించకుండా ప్రెస్ దాకా వెళ్ళి, 170 కిలోల బేలు నడుమ చిక్కుకుంటే అది రోజుల తరబడి లోపలే రగులుతుంది. బయటి నుంచి ఎన్ని నీళ్ళు కొట్టినా నడుమకి చేరవు. ఇప్పటికి చేస్తున్నది ఇంతే: ఎక్కడ రవ్వ కనిపించినా, ఆ తర్వాత గంటలో కట్టిన బేళ్ళ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి గోడౌన్‌లోకి పంపకుండా ఆరుబయట విడివిడిగా ఉంచుతారు. పొద్దునా సాయంత్రం ఒకరు వెళ్ళి నాలుగు పక్కలా అరచెయ్యి ఆనించి చూస్తారు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు అలాంటివి ఏడు ఉన్నాయి. ఆరు చల్లగా ఉన్నాయి. ఏడోదాన్ని అప్పటికే కోస్తున్నారు.